కాలనీ పనికి జీవీఎంసీలో డబ్బు పెట్టించుకోవడం ఎలా

అర్జీ ఇస్తే రసీదు వస్తుంది, ఫైలు పుడితేనే డబ్బు వస్తుంది. విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ దగ్గర చాలా కాలనీ సంఘాలు మొదటి దగ్గరే ఆగిపోతాయి. సోమవారం వెళ్లి కాగితం ఇచ్చి, ఫొటో దిగి, గ్రూపులో పెట్టి, ఇక వాళ్లే చూసుకుంటారులే అని ఇంటికొచ్చేస్తాం. ఆ కాగితం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) టేబుల్ మీదకి చేరి, ఎస్టిమేట్ అయి, ఏదో ఒక పద్దు కింద పడి, మంజూరై, టెండర్ అయ్యేదాకా ఎవరో ఒకరు దాని వెనకాల తిరుగుతూనే ఉండాలి. ఆ ఎవరో మీరే అనుకుని రాస్తున్నాను. ఉదాహరణకి వీధి కాలువ తీసుకుంటున్నా, కానీ వీధి దీపాలకీ, పార్కుకీ, కొండవాలు ఇళ్ల మెట్లకీ, గెడ్డ (పెద్ద వాగు) పక్క గోడకీ దారి ఇంచుమించు ఇదే.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నెలలు తినేసేది ఇదే. మన ఊళ్లో కనిపించే ప్రతి రోడ్డూ జీవీఎంసీది కాదు. ఎన్‌హెచ్-16, దాని సర్వీసు రోడ్లు జాతీయ రహదారుల సంస్థ చూస్తుంది, కొన్ని రోడ్లు రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)వి, పోర్టు రోడ్లు పోర్టువి, పట్టాల పక్క స్థలం రైల్వేది, పారిశ్రామికవాడలో అయితే వాటిని చూసే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ. లేఅవుట్లలో ఇంకో తిరకాసు ఉంది. పట్టణాభివృద్ధి సంస్థ వుడా (ఇప్పటి వీఎంఆర్‌డీఏ) కాలం నాటి లేఅవుట్ అయితే, రోడ్లూ ఖాళీ స్థలాలూ కార్పొరేషన్‌కి అప్పగించారా లేదా అన్నది చూడాలి. అప్పగించకపోతే జీవీఎంసీ వాళ్లు "మాది కాదండీ" అంటారు, అటు వెళ్తే "మేం ఎప్పుడో ఇచ్చేశాం" అంటారు, మధ్యలో మీరు వీఎంఆర్‌డీఏ ఉన్న సిరిపురం, జీవీఎంసీ ఉన్న ఆశీల్‌మెట్ట మధ్య ఆటోలో తిరుగుతుంటారు. కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది, దానికి వేలాడే లైటు జీవీఎంసీది. స్తంభం వంగితే ఒకరికి, బల్బు పోతే ఇంకొకరికి చెప్పాలి.

తేల్చుకోవడానికి మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. నోటి మాటతో సరిపెట్టుకోకుండా లేఅవుట్ నంబరు రాయించుకోండి. మీది అనుమతి లేని లేఅవుట్ అయితే ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, చివర్లో మంజూరు దగ్గర అదే అడ్డం వస్తుంది.

కాలనీలో కూర్చుని ఒకటే పని ఎంచుకోండి

ఆదివారం సాయంత్రం మీటింగ్ పెడితే పది సమస్యలు వస్తాయి: కుక్కలు, కుళాయి నీళ్లు, పార్కులో తాగుబోతులు, స్పీడ్ బ్రేకర్. అన్నీ నిజమే. కానీ పది అంశాలున్న వినతిపత్రం పది సెక్షన్లకి వెళ్లాలి, ఎవరూ తమది అనుకోరు. ఒకటి ఎంచుకోండి, మిగతావి పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎంచుకునేటప్పుడు మీటింగ్‌కి రాని వాళ్లని కూడా అడగండి. అద్దెకున్న వాళ్లూ, గెడ్డ ఒడ్డున రేకుల ఇళ్లలో ఉన్న వాళ్లూ సంఘం మీటింగులకి రారు, నీళ్లు ముందు దూరేది మాత్రం వాళ్ల ఇళ్లలోకే. వాళ్ల సంతకాలు లేకుండా మేడల వాళ్లు మాత్రమే వెళ్తే అధికారులకి ఆ తేడా తెలిసిపోతుంది.

సంఘం రిజిస్టర్ కాకపోయినా అర్జీ ఇవ్వొచ్చు. అయితే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు అడగాలన్నా, కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చినా రిజిస్ట్రేషన్ ఉంటే మేలు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. ప్రెసిడెంట్ ఎవరన్న గొడవ మాత్రం ఆరు నెలలు లాగకండి, ఆ పదవికి జీతం లేదు.

టేపు పట్టుకుని దిగండి

అధికారికి "కాలువ బాగోలేదు" అని చెప్తే ఆయన తల ఊపుతాడు. కొలత చెప్తే పెన్ను తీస్తాడు. ఇద్దరు కుర్రాళ్లని తీసుకుని, పొద్దున్నే, టేపు పట్టుకుని కాలువ మొదటి నుంచి అది గెడ్డలో కలిసే దాకా నడవండి. ఎన్ని మీటర్లు కచ్చా కాలువ, ఎక్కడ పక్కా కాలువ ఆగిపోయింది, వెడల్పెంత, పూడిక ఎంత పేరుకుంది. కర్ర దింపి మట్టి ఎంతవరకు అంటిందో టేపు ఆనించి ఫొటో తీస్తే "రెండడుగుల లోతులో అడుగున్నర మట్టే" అన్న సంగతి ఎవరూ వాదించలేని విధంగా కనిపిస్తుంది. ఫోన్‌లో లొకేషన్, తేదీ పడేలా పెట్టుకుని తీయండి. వాన కురిసిన రోజు ఒక ఫొటో, అదే చోట నుంచి ఎండ రోజు ఇంకొకటి. గోడ మీద నీటి మరక ఉంటే దానికి కూడా టేపు పెట్టండి.

ఎవరైనా కాలువ మీద ర్యాంపో మెట్లో కట్టేసుకుని ఉంటే అది కూడా రాసుకోండి, అది మన సంఘం కోశాధికారి గారిదైనా సరే. ఏఈ వచ్చినప్పుడు మొదట చూసేది అదే. "ముందు మీ ఆక్రమణలు తీయండి" అనే జవాబు తిరుగు లేనిది, కాబట్టి ఆ మాట అనిపించుకోక ముందే మీరే మాట్లాడి తీయించేయండి.

అర్జీ ఇలా రాయండి

పేజీ దాటకూడదు. "గౌరవనీయులైన" తర్వాత నాలుగు లైన్ల పొగడ్త అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"ఫలానా వార్డు, ఫలానా సచివాలయం పరిధిలో, ఫలానా వీధి మొదటి ఇంటి నుంచి గెడ్డ వరకు 180 మీటర్ల కచ్చా కాలువ ఉంది. వానాకాలంలో 34 ఇళ్లలోకి మురుగునీరు వస్తోంది. ఫొటోలు, కొలతలు, ఇళ్ల జాబితా జతచేశాం. ఈ 180 మీటర్లకు పక్కా కాలువ కోసం అంచనా తయారుచేయించి, వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో చేర్చవలసిందిగా కోరుతున్నాం. స్థల పరిశీలన తేదీ తెలియజేయగలరు."

అంకెలు మీవి వేసుకోండి. చివరి రెండు వాక్యాలు మాత్రం వదలొద్దు, ఎందుకంటే "తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే మీ అర్జీని కింద ఆఫీసుకి పంపడమే తగు చర్య అయిపోతుంది. ఎస్టిమేట్ అడిగితే ఎవరో ఒకరు వేయాలి, లేదా ఎందుకు వేయలేదో రాయాలి.

మూడు చోట్ల ఇవ్వండి. వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీకి ఒకటి. రెండోది సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అంటే ఇదివరకు స్పందన అనేవాళ్లే, దాంట్లో. మూడోది జోనల్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో, కార్బన్ కాపీ మీద స్టాంపు వేయించుకుని. ఇవికాక పురమిత్ర యాప్, 1100 నంబరు ఉన్నాయి. బల్బు పోతే, చెత్త ఎత్తకపోతే వాటిని వాడండి, లక్షల రూపాయల పని యాప్‌తో తేలదు. "మీ అర్జీ పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చి కాలువ మాత్రం అలాగే ఉంటే టెన్షన్ పడొద్దు, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, ఆ రోజు తీసిన కాలువ ఫొటో పక్కపక్కన అంటించి మళ్లీ ఇవ్వండి.

వారం పది రోజులయ్యాక వెళ్లి అడగాల్సింది ఒక్కటే: ఈ-ఆఫీస్ ఫైల్ నంబర్ ఎంత? ఆ నంబర్ ఉంటే ఫైలు ఏఈ దగ్గరుందా, ఆయన పైన డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) దగ్గరుందా, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) దాటి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్) దాకా వెళ్లిందా అన్నది కనుక్కోవచ్చు. నంబర్ లేదంటే ఫైలే లేదని అర్థం.

"నిధుల్లేవండీ" అన్నప్పుడు

ఇది విన్నాక చాలామంది వెనక్కి వచ్చేస్తారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. వేల కోట్ల బడ్జెట్ ఉన్న కార్పొరేషన్‌లో నిధుల్లేవు అనే మాటకి అర్థం, సాధారణంగా, ఆ పద్దులో లేవు అని. కాబట్టి మర్యాదగా అడగండి: "ఏ పద్దులో లేవు సార్? ఇంకే పద్దులో పెట్టొచ్చు?"

సాధారణ నిధి అంటే మన ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ ఫీజులు, అద్దెలు. జీతాలు, కరెంటు బిల్లులు, చెత్త ఎత్తడం పోను మిగిలింది పనులకి వస్తుంది, దాని కోసం 98 వార్డులూ పోటీ. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు వేరే. 15వ ఆర్థిక సంఘం విశాఖ, విజయవాడ లాంటి పది లక్షలు దాటిన నగరాలకి ఇచ్చిన డబ్బుకి షరతులున్నాయి, గాలి నాణ్యత, తాగునీరు, పారిశుధ్యం, చెత్త నిర్వహణ లాంటి వాటికే ఖర్చు పెట్టాలి. దాంట్లోంచి కమ్యూనిటీ హాలు అడిగితే రాదు. మీ వీధిలో ఎస్సీ కుటుంబాలు ఎక్కువుంటే 2013 ఉప ప్రణాళిక చట్టం కింద పెట్టొచ్చా అని అడగండి. ఎంపీ ల్యాడ్స్ అంటే ఎంపీల అభివృద్ధి నిధుల్లో ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు, ఎంపీ సిఫార్సు చేస్తే మంజూరు కలెక్టరేట్ వైపు నుంచి వస్తుంది, అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకి ఇవ్వాలని నిబంధన. చిన్న పార్కు, బస్ షెల్టర్ లాంటివి ఇక్కడ బాగా కుదురుతాయి.

సీఎస్ఆర్ అంటే మన ఊళ్లో అందరికీ ఆశ, చుట్టూ అన్నీ పెద్ద పెద్ద ఫ్యాక్టరీలే కదా. చట్టం చెప్పేది మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. లాభం లేకపోతే రెండు శాతం కూడా సున్నాయే, కాబట్టి గేటు ఎంత పెద్దదో చూసి పరుగెత్తకుండా ముందు లాభనష్టాలు చూడండి. ప్లాంటుకి దగ్గరున్న ఊళ్లకి ప్రాధాన్యం ఉంటుంది. రిఫైనరీ దగ్గర మల్కాపురం, శ్రీహరిపురం వాళ్లు అడిగినట్టు మధురవాడ వాళ్లు అడగలేరు.

మాటలు సరిపోకపోతే సమాచార హక్కు. అర్జీకి 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. జోనల్ ఆఫీసులో పౌర సమాచార అధికారికి రాయండి. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వనక్కర్లేదని తప్పించుకుంటారు. రికార్డు అడగండి. గత మూడేళ్లలో ఈ వార్డులో మంజూరైన ఇంజినీరింగ్ పనుల జాబితా, ఒక్కోదానికి ఎస్టిమేట్ మొత్తం, ఏ పద్దు, ఇప్పుడెక్కడుంది. ఈ వార్డులో ఏటా వసూలైన ఆస్తి పన్ను. మా ఫలానా తేదీ అర్జీ మీద అధికారులు రాసుకున్న నోట్‌ఫైల్ కాపీ. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్. నా అనుభవంలో నోట్‌ఫైల్ కాపీ అడిగిన అర్జీకి ఉన్న విలువ నాలుగు ధర్నాలకి ఉండదు, ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లు పడుకుందో తేదీలతో సహా అందులో ఉంటుంది.

పన్ను కట్టం అని బెదిరించడం గురించి చాలామంది అడుగుతారు. 2021లో అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకి పన్ను మార్చినప్పటి నుంచి ఏటా బిల్లు పెరుగుతోంది, కోపం న్యాయమే. అయినా ఆపొద్దు. వడ్డీ మీకే పడుతుంది, పైగా "మీ కాలనీ బకాయి ఎంతుందో చూశారా" అని అవతలి వాళ్లకి మాట దొరుకుతుంది. ఏప్రిల్‌లోనే ఏడాదిది కట్టేసి 5 శాతం రాయితీ తీసుకుని, ఆ రసీదుల కట్ట అర్జీకి జత చేయండి.

ఎప్పుడు అడగాలి

వాన పడ్డప్పుడు అడుగుతాం, ఎండల్లో మర్చిపోతాం. బడ్జెట్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలు, బడ్జెట్ మీద చర్చ అంతకు ముందు నెలల్లో. కాబట్టి అక్టోబర్, నవంబర్ తుఫాన్ల ఫొటోలతో అప్పుడే అర్జీ పెట్టి, సంక్రాంతి లోపు ఏఈ చేత ఎస్టిమేట్ వేయించుకుని, బడ్జెట్ ముసాయిదా తయారయ్యే నాటికి మీ పని పేరు జోన్ జాబితాలో ఉండేలా చూసుకోవాలి. మార్చిలో మొదలుపెడితే ఆ ఏడాది పోయినట్టే.

కార్పొరేటర్, కౌన్సిల్

కార్పొరేటర్ ఉన్న కాలంలో ఆయన్నో ఆవిడనో దాటి పైకి వెళ్లకండి. "నాకు చెప్పకుండా కమిషనర్ దగ్గరికి వెళ్లారట" అన్న అలక తీర్చడానికి ఇంకో నెల పడుతుంది. ముందు వాళ్ల చేతికే ఇవ్వండి, వాళ్ల లెటర్‌హెడ్ మీద సిఫార్సు తీసుకోండి, కౌన్సిల్ మీటింగ్ అజెండా వచ్చినప్పుడు మీ పని అందులో ఉందా అని అడగండి, లేకపోతే జీరో అవర్‌లో ప్రస్తావించమనండి. కౌన్సిల్ కన్నా ముందు కీలకమైనది స్టాండింగ్ కమిటీ. పది మంది ఉంటారు, ఏటా ఎన్నికవుతారు, బడ్జెట్ ముందు చూసేది వాళ్లే. మీ పక్క వార్డు కార్పొరేటర్ ఆ పది మందిలో ఉంటే రెండు వార్డుల గుండా పోయే గెడ్డకి కలిసి అడగడం తెలివైన పని.

పార్టీ రంగు మాత్రం సంఘానికి పూసుకోకండి. 2021 మార్చి ఎన్నికల్లో 98 వార్డుల్లో వైఎస్సార్‌సీపీకి 58 వచ్చాయి, తెలుగుదేశానికి 30. అదే కౌన్సిల్ 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం పెట్టి మేయర్‌ని దించి, తెలుగుదేశం మేయర్‌ని ఎన్నుకుంది. ఎన్నికలేమీ జరగలేదు, మనుషులు అటువాళ్లు ఇటు వచ్చారంతే. ఒక పార్టీ కండువాతో వెళ్లిన సంఘం అప్పుడు ఎవరి గుమ్మం ఎక్కుతుంది చెప్పండి.

కౌన్సిలే లేని రోజులు కూడా ఉంటాయని మర్చిపోవద్దు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే మళ్లీ పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న, మధ్యలో అంతా ప్రత్యేకాధికారి పాలనే. 2021లో వచ్చిన వాళ్ల ఐదేళ్లు కూడా 2026 మార్చి దాకానే. అలాంటప్పుడు దారి మారుతుంది: జోనల్ కమిషనర్, ఎస్ఈ, ఎమ్మెల్యే ఆఫీసు, కలెక్టరేట్. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే పీఏకి కాదు, ఆ ఆఫీసులో ఇంజినీరింగ్ పనుల జాబితా రాసే మనిషి ఒకరుంటారు, ఆ మనిషికి కొలతల కాగితం ఇవ్వండి.

గాంధీ విగ్రహం దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

జీవీఎంసీ ఎదుట గాంధీ విగ్రహం దగ్గర రోజూ ఎవరో ఒకరు కూర్చుంటారు. స్టీల్ ప్లాంట్ ఉద్యమ శిబిరం నుంచి పారిశుధ్య కార్మికుల సమ్మె దాకా అన్నీ చూసిన చోటు అది. అంచేత కాలువ కోసం మీరు కూర్చుంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఫైల్ నంబర్ ఉండి, ఒక నిర్దిష్టమైన టేబుల్ దగ్గర ఆగిపోయి, రెండు సార్లు రాసినా కదలనప్పుడు వెళ్లండి. పోలీసులకి ముందు రాతపూర్వకంగా చెప్పి, గంటలో ముగించండి, బ్యానర్ మీద ఒకటే వాక్యం, కింద ఫైల్ నంబర్. జిల్లా పేజీలు చూసే విలేకరికి "తీవ్ర ఇబ్బందులు" అన్న ప్రెస్ నోట్ కన్నా ఆ నోట్‌ఫైల్ తేదీలే వార్త.

ఊరంతా కదిలితే ఏమవుతుందో చెత్త పన్ను విషయంలో చూశాం. 2021లో వచ్చింది, ఇంటింటికీ పడింది, కాలనీల్లో గొడవ కౌన్సిల్‌లోకీ అక్కడి నుంచి ఎన్నికల్లోకీ వెళ్లింది, 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి రద్దు ప్రకటించారు. మూడేళ్లు పట్టింది. పైగా అది వద్దు అనే ఉద్యమం. కావాలి అనే పనికి అంత జనం ఎప్పుడూ రారు.

మంజూరయ్యాక స్వీట్లు పంచకండి

మంజూరుకీ పనికీ మధ్య టెండర్ ఉంది. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండర్ వేయకపోవడం మన రాష్ట్రంలో మామూలే, అప్పుడు మళ్లీ పిలవాలి. మొదటిసారి ఎవరూ రాలేదని తెలిసిన రోజే రెండో పిలుపు కోసం లెటర్ పెట్టండి, లేకపోతే మార్చి దాటిపోతుంది.

పని మొదలయ్యాక అగ్రిమెంట్ కాపీ, ఎస్టిమేట్ కాపీ చేతిలో ఉంచుకోండి. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) కట్టి ఉంటుంది, అప్పుడే టేపు పెట్టి వెడల్పు, గోడ మందం చూసేయాలి, పోశాక చూసి లాభం లేదు. పోసిన మర్నాటి నుంచి నీళ్లు కొడుతున్నారా చూడండి. కొట్టకపోతే గొడవ పెట్టుకోవద్దు, గోనె సంచి మీద బకెట్ నీళ్లు మీరే పోసి, ఫొటో తీసి ఏఈకి పంపండి. సమాచార హక్కు చట్టం 2(జె) కింద జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా మీకు ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు, కాంట్రాక్టర్లకి మాత్రం బాగా తెలుసు. ఎం-బుక్‌లో, అంటే ఇంజినీర్లు కొలతలు రాసే పుస్తకంలో రాసిన మీటర్లు, మీరు కొలిచిన మీటర్లు సరిపోయాయో లేదో ఫైనల్ బిల్లు వెళ్లకముందే చూడాలి.

అగ్రిమెంట్‌లో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఒక గడువు ఉంటుంది. ఆ లోపు పగిలితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆ గడువు ఏ తేదీతో అయిపోతుందో కాలనీ గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాసి పెట్టండి. దానికి నెల ముందు ఒకసారి మళ్లీ టేపు తీసుకుని కాలువ పొడవునా నడిచి, పగుళ్లుంటే రాసి ఈఈ ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.